కీటకాల్లో కొత్త ఈస్ట్ జాతి: పురుగును పట్టిన రోజు నుంచి పేరు నమోదు దాకా

పురుగు పేగులోంచి తీసిన ఈస్ట్ డీఎన్‌ఏ చదివిస్తే, డేటాబేస్‌లో దగ్గరి పోలిక 96 శాతమని వచ్చింది. కొత్త జాతి దొరికినట్టేనా? దొరికి ఉండొచ్చు. కానీ ఆ అంకె అనుమానం మాత్రమే, రుజువు కాదు. ఆ ఈస్ట్ నిజంగా ఆ పురుగులోదేనా, తిన్న తిండితో లోపలికి పోయిందా అన్నది తేలాలి. వేర్వేరు పురుగుల నుంచి అదే ఈస్ట్ మళ్లీ మళ్లీ రావాలి. పోల్చింది అసలు టైప్ స్ట్రెయిన్‌తోనా (జాతి పేరుకు ఆధారంగా భద్రపరిచిన కల్చర్‌తోనా), ఎవరో తప్పు పేరు పెట్టి ఎక్కించిన సీక్వెన్స్‌తోనా చూసుకోవాలి. వీటిలో మొదటి రెండూ పురుగును పట్టిన వారంలోనే తేలిపోతాయి. తర్వాత ఎంత ఖరీదైన సీక్వెన్సింగ్ చేయించినా అప్పటి లోటు పూడదు. అందుకే బల్ల మీది పని గురించి ఇక్కడ కాస్త ఎక్కువగా చెబుతున్నాం.

ఎక్కడ వెతకాలి

కొత్తవి కావాలంటే పెంకుపురుగుల పేగులు ఇప్పటికీ మంచి చోటు. అమెరికా ఆగ్నేయ ప్రాంతంలోనూ పనామాలోనూ పట్టిన పెంకుపురుగుల నుంచి మూడేళ్లలో 650కి పైగా ఐసొలేట్లు (విడదీసి పెంచిన ఈస్ట్‌లు) తీసిన పని 2005లో అచ్చయింది. వాటిలో కనీసం 200 అప్పటికి పేరులేని జాతులు. కుళ్లిన కట్టెను తొలిచే పస్సాలిడ్ పెంకుపురుగుల్లో జైలోజ్ చక్కెరను పులియబెట్టే ఈస్ట్‌లు ఉంటాయి. 2006లో పేరు పెట్టిన స్పథాస్పోరా పస్సాలిడారం అలా దొరికిందే. పూలలో తిరిగే నిటిడ్యులిడ్ పెంకుపురుగుల్లో మెట్ష్నికోవియా, కోడమేయా ప్రజాతుల ఈస్ట్‌లు. తేనెటీగల్లో, వాటి గూళ్లలో స్టార్మెరెల్లా. పండ్ల మీద వాలే డ్రోసోఫిలా ఈగల్లో హాన్సెనియాస్పోరా, పిచియా ఎక్కువగా కనిపిస్తాయి. ఏ మీడియం (ఈస్ట్ పెరిగే ఆహారం) పోయాలో పురుగు తిండే చెబుతుంది. కట్టె తినేదైతే జైలోజ్ మీడియం ఒకటి అదనంగా ఉండాలి. తేనె, పుప్పొడి తినేదైతే చక్కెర బాగా ఎక్కువున్న ప్లేటు ఒకటి కావాలి.

అన్నీ ప్లేటు మీద పెరగవు. వరి పైరును పీల్చే సుడిదోమ కొవ్వు కణాల్లో ఉండే ఈస్ట్‌లాంటి సహజీవి ఈ పద్ధతిలో బయటికి రాదు. పైగా వంశం ప్రకారం అది అసలైన ఈస్ట్ కాదు, పురుగుల మీద పెరిగే కార్డిసెప్స్ బంధువర్గంలోని ఫంగస్. నిల్వ సరుకుల్లో తిరిగే సిగరెట్ పురుగులోని సింబయోటాఫ్రినా కూడా రొట్టె ఈస్ట్ అయిన సాకరోమైసెస్ వైపుది కాదు, అయితే దాన్ని ప్లేటు మీద పెంచగలం. మొగ్గ తొడిగేదల్లా ఈస్ట్ వంశమేనని ముందే అనుకోకండి.

పురుగును పట్టకముందే సేకరణ అనుమతి కాగితం చేతిలో ఉండాలి. జీవ వనరుల వాడకం, లాభాల పంపకంపై అంతర్జాతీయ ఒప్పందమైన నగోయా ప్రోటోకాల్ 2014 అక్టోబరు 12 నుంచి అమల్లో ఉంది. అనుమతి లేని కల్చర్‌ను కలెక్షన్లు (కల్చర్లను భద్రపరిచే సంస్థలు) తీసుకోవు. కలెక్షన్‌లో పెట్టని కల్చర్‌కు పేరు నిలవదు.

పట్టడం, పస్తు ఉంచడం

ప్రతి పురుగునూ విడిగా, శుభ్రమైన గొట్టంలో వేయండి. పదింటిని ఒకే సీసాలో వేస్తే ఒకదాని రెట్ట ఇంకొకదాని ఒంటికి అంటుకుంటుంది. అప్పుడు పది నమూనాలు ఒక్క నమూనాతో సమానమవుతాయి. ఎండలో ఆపిన బండిలో గొట్టాలు వదిలేయకండి. చచ్చిన పురుగు పేగులో గంటల్లోనే బ్యాక్టీరియా పెరిగిపోతుంది.

అదే చోట పురుగు తింటున్న పువ్వు, కట్టె, పండు ముక్కను కూడా విడి సంచిలో తీసుకోండి. చాలామంది దీన్ని వదిలేస్తారు. పురుగులో వచ్చిన ఈస్ట్ పక్కనున్న కట్టెలోనూ అంతే సంఖ్యలో ఉంటే, దానికీ పురుగుకూ సంబంధం ఉందని చెప్పడానికి మీ దగ్గర ఆధారమేమీ ఉండదు.

పెంకుపురుగులను ఖాళీ స్టెరైల్ పెట్రీ ప్లేటులో 1 నుంచి 3 రోజులు పస్తు ఉంచాలి. కడుపులోని తిండితో వచ్చిన ఈస్ట్‌లు చాలావరకు రెట్టతో పోతాయి, పేగు గోడను పట్టుకుని ఉన్నవి మిగులుతాయి. తడి వడపోత కాగితం ముక్క ఒకటి వేస్తే ఎండిపోయి చావవు. రోజూ రెట్ట తీసేసి ప్లేటు మార్చాలి, లేకపోతే అదే మళ్లీ తింటాయి. డ్రోసోఫిలా లాంటి చిన్నవి ఇంత పస్తు తట్టుకోవు. వాటికి కొన్ని గంటలు చాలు.

పైతొక్క శుభ్రం, పేగు తీయడం

పురుగును 95 శాతం ఇథనాల్‌లో 1 నుంచి 2 నిమిషాలు ముంచి, తర్వాత 0.7 శాతం ఉప్పునీటిలో, అంటే లీటరుకు 7 గ్రాములు, కడగండి. అంతకన్నా ఎక్కువసేపు ముంచితే ఆల్కహాల్ నోటి నుంచీ మలద్వారం నుంచీ లోపలికి దిగి మీకు కావలసిన ఈస్ట్‌లనే చంపుతుంది. చిన్న పురుగులకు ఇంకా తగ్గించాలి. చివరిసారి కడిగిన నీటిలో 100 మైక్రోలీటర్లు తీసి ఒక ప్లేటు మీద పరచండి. ఇదే మీ కంట్రోలు. ఈ ప్లేటు మీద ఈస్ట్ వస్తే ఆ పురుగు ఫలితాలను పేగు ఫలితాలుగా రాయకూడదు. ఎంత ఆశపడ్డ ఐసొలేట్ అయినా సరే.

పేగు తీయడం చూడటానికి కష్టంగా ఉంటుంది గానీ నాలుగు పురుగులు కోసేసరికి చేయి తిరుగుతుంది. పురుగును వెల్లకిలా పెట్టి స్టెరైల్ ఉప్పునీటి చుక్క వేయండి. ఒక సన్నని ఫోర్సెప్స్‌తో ఛాతీని అదిమి పట్టి, రెండోదానితో పొట్ట చివరి ఖండాన్ని పట్టుకుని మెల్లగా, ఆగకుండా లాగండి. లేత గోధుమరంగు గొట్టం జారుతూ వస్తుంది. చుట్టూ దారాల్లాంటి మాల్పీజియన్ నాళికలు, తెల్లటి కొవ్వు ముద్దలు అంటుకుని ఉంటాయి. కుదుపుతో లాగితే మధ్య పేగు దగ్గర తెగిపోతుంది. తెగితే మిగిలిన ముక్క కోసం పొట్టను పక్కల నుంచి కత్తిరించి తెరవాలి. ముందు, మధ్య, వెనక పేగులను వీలైతే వేరు చేయండి. పస్సాలిడ్‌లలో ఈస్ట్‌లు వెనక పేగు గోడను పట్టుకుని ఉంటాయి. మొత్తం పేగును ఒకటిగా నలిపేస్తే ఆ సంగతి ఎప్పటికీ తెలియదు.

పేగును 200 నుంచి 500 మైక్రోలీటర్ల ఉప్పునీటిలో చిన్న రోకలితో నలిపి, దాన్నీ, దాన్ని 10, 100 రెట్లు పలచన చేసిన ద్రవాలనూ ప్లేటుకు 100 మైక్రోలీటర్ల చొప్పున పరచండి. నలపగా మిగిలిన ఒక చుక్కను అప్పటికప్పుడే 400 రెట్ల పెద్దదనంతో చూడండి. సూక్ష్మదర్శినిలో మొగ్గ తొడుగుతున్న కణాలు గుంపులుగా కనిపించి, వారం తర్వాత ప్లేటు ఖాళీగా ఉంటే లోపం మీ మీడియంలో ఉంది.

ఒంటి పైనున్న ఈస్ట్‌లు కావాలంటే ఆల్కహాల్ అక్కర్లేదు. బతికున్న పురుగును అగార్ ప్లేటు మీద కొన్ని నిమిషాలు నడవనిచ్చి వదిలేయండి. రెండు రోజులకు అడుగుజాడల వెంట కాలనీలు వరసగా మొలుస్తాయి. పూల పెంకుపురుగులకూ డ్రోసోఫిలాకూ ఇది బాగా పనిచేస్తుంది. ఇలా వచ్చినవాటిని మాత్రం పేగువని రాయకండి.

మిగిలిన పురుగు కళేబరాన్ని 95 శాతం ఇథనాల్‌లో భద్రపరచండి. పురుగు జాతి పేరుపై రేపు ఎవరైనా సందేహపడితే కాలు ఒకటి తీసి, జంతు జాతులను గుర్తించడానికి వాడే సీఓఐ జన్యువు చదివించవచ్చు.

మీడియం

రోజువారీ పనికి వైఎం అగార్ చాలు: లీటరుకు ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 3 గ్రాములు, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 3, పెప్టోన్ 5, గ్లూకోజ్ 10, అగార్ 20. బ్యాక్టీరియాను ఆపడానికి దీన్ని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్ 3.5కు దించుతారు. ఆదిలోనే హంసపాదు పడేది ఇక్కడే. ఆమ్లం కలిపి ఆటోక్లేవ్ చేస్తే (ఆవిరి ఒత్తిడిలో కాచితే) వేడికి అగార్ గొలుసులు తెగిపోయి మీడియం గడ్డకట్టదు, లూప్ (కల్చర్ పూసే తీగ) తగిలితే జావలా చిరుగుతుంది. ముందు ఆటోక్లేవ్ చేసి, 55 డిగ్రీల సెల్సియస్‌కు చల్లారాక స్టెరైల్ ఆమ్లం కలపాలి. ఎంత కలపాలో ముందుగానే 100 మిల్లీలీటర్ల మీడియంతో కొలిచి రాసుకోండి. మీడియం తయారీ మారితే ఆ లెక్కా మారుతుంది.

ఈగలు, కుళ్లిన పండు ఉన్న నమూనాల్లో ఆమ్లం ఒక్కటే చాలదు. అసిటిక్, లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియాలకు ఆ పీహెచ్ కష్టమేమీ కాదు. లీటరుకు 100 మిల్లీగ్రాముల క్లోరాంఫెనికాల్‌ను కొద్దిగా ఇథనాల్‌లో కరిగించి కలపండి. అది వేడిని తట్టుకుంటుంది కాబట్టి ఆటోక్లేవ్‌కు ముందే వేసినా ఫరవాలేదు. సైక్లోహెక్సిమైడ్ మాత్రం వద్దు. బూజును ఆపుతుందని కొందరు వేస్తారు, కానీ చాలా ఈస్ట్ జాతులు కూడా దానికి చస్తాయి. బూజు బెడద ఎక్కువైతే డైక్లోరాన్, రోజ్ బెంగాల్ ఉన్న అగార్ వాడండి. ఆ ప్లేట్లను చీకట్లో ఉంచాలి, వెలుతురులో రోజ్ బెంగాల్ ఈస్ట్‌లకు కూడా విషమవుతుంది.

ఒకే మీడియాన్ని నమ్ముకోకండి. ఒక్కో పేగుకు ఆమ్ల వైఎం, క్లోరాంఫెనికాల్ వైఎం తప్పనిసరి. మూడోది పురుగు తిండిని బట్టి: కట్టె పురుగులకు లీటరుకు 6.7 గ్రాముల ఈస్ట్ నైట్రోజన్ బేస్, 10 గ్రాముల జైలోజ్ ఉన్న అగార్. తేనె పురుగులకు 40 నుంచి 50 శాతం గ్లూకోజ్ ఉన్న అగార్.

ప్లేట్లు చదవడం

25 డిగ్రీల దగ్గర ఉంచి మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు చూడండి. నిజం నిలకడ మీద తెలుస్తుందన్న మాట ఈ ప్లేట్లకు అక్షరాలా వర్తిస్తుంది. మొదటి రెండు రోజుల్లో పెద్దగా, మెరుస్తూ వచ్చేవి తరచూ అందరికీ తెలిసిన జాతులే. గుండుసూది తలంత కాలనీలు వారం తర్వాత పెద్దవాటి మధ్య ఖాళీల్లో తలెత్తుతాయి. ప్లేట్లను ఎండిపోకుండా సంచిలో ఉంచండి, మూడో రోజునే పారేయకండి.

ఒక్కో రకం కాలనీ నుంచి ఒకటే తీయడం చాలామంది చేసే పొరపాటు. కంటికి ఒకేలా ఉండే తెల్లటి, నున్నటి కాలనీల్లో రెండు మూడు జాతులు కలిసి ఉండటం మామూలే. ఒక్కో రూపానికి కనీసం ఐదు, అవీ వేర్వేరు పురుగుల ప్లేట్ల నుంచి తీయండి. ప్రతిదాన్నీ వైఎం మీద స్ట్రీక్ చేసి (లూప్‌తో గీతలుగా పూసి), విడి కాలనీని తీసి మళ్లీ స్ట్రీక్ చేయాలి. రెండుసార్లకు తక్కువైతే కల్చర్ శుద్ధమని అనుకోవద్దు. సూక్ష్మదర్శినిలో రెండు పరిమాణాల కణాలు కనిపిస్తే మూడోసారి తప్పదు.

శుద్ధమైన ప్లేటు చేతికి రాగానే రెండు పనులు ఒకే రోజు, ఒకే ప్లేటు నుంచి చేయండి: 20 శాతం గ్లిసరాల్‌లో మైనస్ 80 డిగ్రీల నిల్వ, డీఎన్‌ఏ తీయడం. వేర్వేరు ప్లేట్ల నుంచి చేస్తే సీక్వెన్స్ ఒకదానిది, ఫ్రీజర్‌లో ఉన్నది ఇంకొకటి అయ్యే ప్రమాదం ఉంది. అది బయటపడేది చాలా నెలల తర్వాత, వ్యాసం సమీక్షలో ఉన్నప్పుడు.

డీఎన్‌ఏ, పీసీఆర్

కిట్లు కొనక్కర్లేదు. ఒక కాలనీని 200 మిల్లీమోలార్ లిథియం అసిటేట్, 1 శాతం ఎస్‌డీఎస్ డిటర్జెంట్ ఉన్న 100 మైక్రోలీటర్ల ద్రవంలో కలిపి 70 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు ఉంచండి. 96 శాతం ఇథనాల్ 300 మైక్రోలీటర్లు పోసి బాగా కుదిపి, సెంట్రిఫ్యూజ్‌లో 15,000 జీ వేగంతో 3 నిమిషాలు తిప్పండి. అడుగున నిలిచినదాన్ని 70 శాతం ఇథనాల్‌తో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, 100 మైక్రోలీటర్ల నీటిలో కలిపి 15 సెకన్లు తిప్పండి. పైన తేటగా ఉన్నదాంట్లో 1 మైక్రోలీటర్ పీసీఆర్‌కు (డీఎన్‌ఏలో కావలసిన భాగానికి ప్రతులు పెంచే చర్యకు) సరిపోతుంది. జెల్ మీద బ్యాండ్ రాకపోతే ఎక్కువసార్లు కారణం డీఎన్‌ఏ తక్కువ కావడం కాదు, కణాలు మరీ ఎక్కువ తీసుకోవడం, ఎస్‌డీఎస్ మిగిలిపోవడం. ఇంకో మైక్రోలీటర్ వేయకండి. పది రెట్లు పలచన చేసి చూడండి. జిగురు తొడుగున్న ఈస్ట్‌లకు ఈ చిట్కా కూడా పనిచేయకపోతే గాజు పూసలతో కణాలను పగలగొట్టాలి.

చదవాల్సినవి మొదట రెండు. పెద్ద రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ జన్యువులోని డీ1/డీ2 భాగం ఎన్‌ఎల్‌1, ఎన్‌ఎల్‌4 ప్రైమర్లతో (కావలసిన భాగం కొనలను పట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలతో) సుమారు 600 బేసులు వస్తుంది. రైబోజోమ్ జన్యువుల మధ్యనుండే ఐటీఎస్ భాగం ఐటీఎస్‌1, ఐటీఎస్‌4 ప్రైమర్లతో వస్తుంది. 94 డిగ్రీల దగ్గర 4 నిమిషాలు. తర్వాత 94 దగ్గర 30 సెకన్లు, 54 దగ్గర 30 సెకన్లు, 72 దగ్గర 1 నిమిషం చొప్పున 35 చక్రాలు. చివర 72 దగ్గర 7 నిమిషాలు. ఐటీఎస్ పొడవు ప్రజాతిని బట్టి చాలా మారుతుంది. సాకరోమైసెస్ సెరివిసియేలో సుమారు 880 బేసులు, మెట్ష్నికోవియా పుల్చెరిమాలో 400 మాత్రమే. పొట్టి బ్యాండ్ చూసి పీసీఆర్ చెడిందనుకోవద్దు.

వందల ఐసొలేట్లుంటే అన్నింటినీ చదివించక్కర్లేదు. ముందు జీటీజీ5 ప్రైమర్‌తో వేలిముద్ర పీసీఆర్ చేసి, ఒకేలా ఉన్నవాటిని గుంపులు చేసి, గుంపుకు రెండు మూడు చదివిస్తే చాలు. ఆ బ్యాండ్ల పోలిక ఒకే జెల్ మీద నడిచిన నమూనాల మధ్యే చేయాలి.

సీక్వెన్స్‌ను కళ్లతో చూడటం

బ్లాస్ట్‌లో (సీక్వెన్స్‌ను డేటాబేస్‌తో పోల్చే సాధనంలో) వేయకముందు క్రోమాటోగ్రామ్ (బేసుకో శిఖరం చూపే గ్రాఫ్) తెరవండి. మొదటి 30, 40 బేసులు ఎప్పుడూ గజిబిజిగా ఉంటాయి, కత్తిరించండి. తర్వాతిది శ్రద్ధగా చూడాలి. మొదటి నుంచీ జంట శిఖరాలుంటే కల్చర్ కలగాపులగం, మళ్లీ స్ట్రీక్ చేయండి. 180వ బేసు దాకా శుభ్రంగా ఉండి, అక్కడి నుంచి చివరిదాకా జంటగా మారితే అది వేరే సంగతి: ఒకే కణంలో ఉన్న రైబోజోమ్ జన్యు ప్రతుల్లో కొన్నింట్లో ఒక బేసు ఎక్కువో తక్కువో ఉంది. దాన్ని రెండో వైపు ప్రైమర్‌తోనూ చదివి కలపాలి, కుదరకపోతే ప్రతులను విడివిడిగా క్లోన్ చేసి చదవాలి. అక్కడక్కడ ఒక్కో స్థానంలో మాత్రమే జంట శిఖరం ఉంటే ప్రతుల మధ్య తేడా ఉన్నట్టు. మెట్ష్నికోవియా పుల్చెరిమా బంధువర్గం దీనికి పేరుమోసింది. అందులో ఒక్క కణంలోని ప్రతుల మధ్య తేడానే జాతుల మధ్య తేడా అంత ఉంటుంది. జాతుల మధ్య సరిహద్దుగా కింద చెప్పే గీతలేవీ ఆ వర్గంలో పనిచేయవు, ఇతర జన్యువుల మీదే ఆధారపడాలి.

బ్లాస్ట్‌లో టైప్ మెటీరియల్ సీక్వెన్సులకే పరిమితం చేసే గడి ఉంటుంది, దాన్ని టిక్ చేసి వెతకండి. తర్వాత ఆ పరిమితి తీసేసి మళ్లీ వెతకండి. రెండోసారి పేరులేని ఐసొలేట్ మీదానితో 100 శాతం కలిస్తే అది వేరే ఎవరికో ఇప్పటికే దొరికిందన్నమాట. అది మంచిదే, ఇంకో చోటి స్ట్రెయిన్ దొరుకుతుంది, అడిగి తెప్పించుకోండి. పోలిక శాతంతో పాటు కవరేజ్ (మీ సీక్వెన్స్‌లో ఎంత భాగం పోలికలోకి వచ్చిందో) కూడా చూడాలి. 60 శాతం కవరేజ్ మీద వచ్చిన 100 శాతం పోలికకు విలువ లేదు.

గీతల సంగతి. 1998లో సుమారు 500 ఆస్కోమైసీట్ (సంచిలో స్పోర్లు చేసే వర్గం) ఈస్ట్ జాతులను పోల్చి క్లీటస్ కుర్ట్జ్‌మన్, క్రిస్టీ రాబ్‌నెట్ ఇచ్చిన లెక్క ఇది: డీ1/డీ2లో 0 నుంచి 3 బేసుల తేడా ఉంటే ఒకే జాతి లేదా అక్కాచెల్లెళ్ల జాతులు, 6 లేదా ఎక్కువ, అంటే 1 శాతం, ఉంటే సాధారణంగా వేరు జాతి. 2016లో ఉట్రెక్ట్‌లోని సీబీఎస్ కల్చర్ కలెక్షన్ సీక్వెన్సుల నుంచి వచ్చిన గీతలు డీ1/డీ2కు 99.51 శాతం, ఐటీఎస్‌కు 98.41 శాతం.

ఒక లెక్క వేసి చూద్దాం. మీ ఐసొలేట్‌ను దగ్గరి టైప్ స్ట్రెయిన్‌తో అమర్చితే డీ1/డీ2లో 560 బేసులకు 4 మార్పులు, అంటే 99.29 శాతం. రెండో గీత ప్రకారం వేరు జాతి, మొదటి లెక్క ప్రకారం మధ్యలో వేలాడుతోంది. ఐటీఎస్‌లో 380 బేసులకు 9 మార్పులు, 2 ఖాళీలు. ఖాళీలు వదిలేస్తే 97.63, కలిపితే 97.11. ఎలా లెక్కించినా 98.41కి కిందే. ఇప్పుడు అనుమానం బలపడింది, అంతే. ఇలాంటి చోట ఆర్‌పీబీ1, ఆర్‌పీబీ2, ఈఎఫ్‌-1 ఆల్ఫా అనే ప్రొటీన్ జన్యువుల్లో కనీసం రెండు చదివించాలి. ఖాళీలను ఎలా లెక్కపెట్టారో వ్యాసంలో రాయండి. అది రాయకపోతే శాతాలకు అర్థం ఉండదు.

వంశవృక్షానికి సీక్వెన్సులను మాఫ్ట్ ప్రోగ్రాంతో అమర్చి, ఐక్యూ-ట్రీ ప్రోగ్రాంతో 1,000 బూట్‌స్ట్రాప్‌లతో (కొమ్మలు ఎంత నమ్మదగినవో చూసే పునఃపరీక్షలతో) కట్టండి. దగ్గరి జాతులన్నీ, టైప్ స్ట్రెయిన్లే, ఉండాలి. మీ ఐసొలేట్లన్నీ ఒకే కొమ్మ మీద చేరి, పక్క జాతి నుంచి పొడవైన కొమ్మతో విడిపోవాలి. మీ ఐసొలేట్లలో సగం పక్క జాతిలోకి చొచ్చుకుపోతే మీరు చూస్తున్నది జాతి లోపలి వైవిధ్యం.

జీనోమ్ చదివించగలిగితే చాలా వాదనలు అక్కడే ముగుస్తాయి. దగ్గరి జాతితో సగటు న్యూక్లియోటైడ్ పోలిక 95 శాతానికి తక్కువైతే వేరు జాతి అనడానికి గట్టి ఆధారం. 2024లో వెలువడిన వై1000 ప్లస్ ప్రాజెక్టు 1,154 ఈస్ట్ స్ట్రెయిన్ల జీనోములను అందరికీ అందుబాటులో పెట్టింది కాబట్టి పోల్చడానికి దగ్గరి జాతి జీనోమ్ దొరికే అవకాశం ఇప్పుడు ఎక్కువ.

శరీరధర్మ పరీక్షలు

ఇవి వర్ణనకు కావాలి గానీ జాతిని తేల్చేవి కావు, అందుకే క్లుప్తంగా. కిణ్వనానికి డర్హామ్ గొట్టాల్లో (వెలువడే వాయువును పట్టే గొట్టాలు) 2 శాతం చక్కెర, రాఫినోజ్ అయితే 4 శాతం. కార్బన్ వాడకానికి ఈస్ట్ నైట్రోజన్ బేస్ లీటరుకు 6.7 గ్రాములు, కార్బన్ మూలం 0.5 శాతం, 25 డిగ్రీల దగ్గర నాలుగు వారాలు. నైట్రోజన్ వాడకానికి ఈస్ట్ కార్బన్ బేస్ 11.7 గ్రాములు. వీటితో పాటు 30, 35, 37, 40 డిగ్రీల పెరుగుదల, 50 శాతం గ్లూకోజ్, 10 శాతం ఉప్పు, 0.01 శాతం సైక్లోహెక్సిమైడ్ ఉన్న మీడియంలలో పెరుగుదల. తప్పుడు పాజిటివ్‌లకు ముఖ్య కారణం కణాలతో పాటు వచ్చిన గ్లూకోజ్. కణాలను కడిగి, కార్బన్ లేని గొట్టాన్ని ప్రతిసారీ పక్కన పెట్టండి. పక్క జాతి టైప్ స్ట్రెయిన్‌ను కూడా అదే రోజు, అదే బ్యాచ్ మీడియంలో నడపండి. పుస్తకంలోని పట్టికతో పోల్చడం కన్నా ఇది ఎంతో నమ్మదగింది.

ఆస్కోస్పోర్ల వేట

ఓపికకు పరీక్ష ఇక్కడే. ఆస్కోస్పోర్లు, అంటే ఆస్కస్ అనే సంచిలో ఏర్పడే లైంగిక స్పోర్లు, కనిపించాలంటే ఆకలి పుట్టించే మీడియం కావాలి: పలచన వీ8 అగార్, 5 శాతం మాల్ట్, అసిటేట్ అగార్, కార్న్‌మీల్ అగార్, 0.01 శాతం అమ్మోనియం సల్ఫేట్ కలిపిన ఈస్ట్ కార్బన్ బేస్. ప్రతిదానిపైనా 15 డిగ్రీల దగ్గర ఒకటి, 25 దగ్గర ఒకటి పెట్టి, వారానికోసారి చొప్పున కనీసం నాలుగు వారాలు చూడాలి.

ఒక్కో ఐసొలేట్ విడిగా స్పోర్లు ఇవ్వకపోతే అలైంగికమని తీర్పు ఇవ్వకండి. చాలా జాతులకు రెండు వేర్వేరు లైంగిక రకాలు కలవాలి. ఆరు ఐసొలేట్లుంటే 15 జతలు అవుతాయి. అన్నింటినీ పక్కపక్కన చుక్కలుగా కలిపి పెట్టి, రెండో రోజు నుంచి రెండు వారాలు చూడండి. కణాల మధ్య వంతెనల్లాంటి గొట్టాలు కనిపిస్తే సంయోగం మొదలైనట్టే. ఆరూ ఒకే పురుగు పేగులోంచి వచ్చినవైతే ఒకే తల్లి కణం సంతానం కావచ్చు, లైంగిక రకం కూడా ఒకటే కావచ్చు. అప్పుడు 15 జతలూ వృథా. వేర్వేరు పురుగుల నుంచి తీయమని మొదట్లో పట్టుబట్టింది ఇందుకే.

మెట్ష్నికోవియా స్పోర్లు సూదుల్లా పొడవాటి ఆస్కస్‌లో ఒదిగి ఉంటాయి, పూల పెంకుపురుగుల్లోని కొన్ని జాతుల్లో అవి మామూలు కణం కన్నా ఎన్నో రెట్లు పొడవు. పిచియా, ఒగాటేయాలవి టోపీ ఆకారం. స్పథాస్పోరాది ఆస్కస్‌కు ఒక్కటే, సన్నగా సాగి కొనలు వంగి ఉంటుంది. మోసపోయేది గుండ్రటి మెరుపుల దగ్గర. పాత కణాల్లోని నూనె బిందువులు స్పోర్లలాగే మెరుస్తాయి. మెట్ష్నికోవియా పుల్చెరిమా వర్గంలో మందపాటి గోడ, మధ్యలో పెద్ద నూనె బొట్టు ఉన్న గుండ్రటి కణాలను స్పోర్లుగా ఫొటో తీసినవారు తక్కువేమీ కాదు. మలకైట్ గ్రీన్ రంగు వేయండి. స్పోర్లు ఆకుపచ్చగా, మిగతా కణాలు సఫ్రానిన్‌కు ఎర్రగా కనిపించాలి.

పేరు

శైవలాలు, ఫంగస్‌లు, మొక్కల పేర్ల అంతర్జాతీయ నియమావళి ఇక్కడ చట్టం. 2012 జనవరి 1 నుంచి వర్ణన లాటిన్‌లో గానీ ఇంగ్లిష్‌లో గానీ ఉండాలి. 2013 జనవరి 1 నుంచి మైకోబ్యాంక్ లాంటి ఫంగస్ పేర్ల రిజిస్ట్రీలో నమోదు సంఖ్య తీసుకుని వ్యాసంలో అచ్చు వేయాలి. టైప్ ఎక్కడుందో ఒక్క కలెక్షన్ పేరుతో చెప్పాలి. ఎక్కువమంది దెబ్బతినేది టైప్ దగ్గరే: బతికి పెరుగుతున్న కల్చర్ హోలోటైప్ (పేరుకు ఆధారమైన అధికారిక నమూనా) కాజాలదు. లయోఫిలైజ్ చేసో (గడ్డకట్టించి ఆరబెట్టో), లోతుగా గడ్డకట్టించో జీవక్రియ ఆగిన స్థితిలో శాశ్వతంగా ఉంచాలి. 2019 జనవరి 1 నుంచి ఆ మాటను వ్యాసంలో రాయడం కూడా తప్పనిసరి. ఒక్క వాక్యం మరిస్తే ఎంత మంచి పనైనా పేరు చెల్లదు.

ప్రజాతి ఎంపికలో క్యాండిడా అనే పాత సంచిలో మళ్లీ ఏదీ వేయకండి. స్పోర్లు కనిపించని ఈస్ట్‌లన్నింటినీ ఒకప్పుడు అందులో పడేశారు, ఇప్పటికీ వాటిని విడదీస్తూనే ఉన్నారు. వంశవృక్షంలో మీది స్టార్మెరెల్లా కొమ్మ మీద ఉంటే స్పోర్లు లేకపోయినా అది స్టార్మెరెల్లాయే. జాతి పేరుకు పురుగు కుటుంబమో, దొరికిన చోటో మంచి వనరు. పస్సాలిడారం అంటే పస్సాలిడ్‌ల యొక్క అని అర్థం. అయితే ఒకటి రెండు పురుగుల్లో చూసి పురుగు పేరు పెడితే, తర్వాత అదే ఈస్ట్ పువ్వుల్లో విరివిగా దొరికినప్పుడు ఆ పేరు వెక్కిరిస్తుంది. మార్చడానికి వీలుండదు.

ఒక్క ఐసొలేట్‌తో జాతిని ప్రకటించడానికి నియమావళి అడ్డు చెప్పదు. మేమైతే వద్దంటాం. వైవిధ్యం ఎంతో తెలియదు, సంయోగం పరీక్షించలేరు, పురుగుతో సంబంధం చెప్పలేరు. అదే చోటికి ఇంకో రుతువులో వెళ్లి మరో ఇరవై పురుగులు కోయండి.

కల్చర్‌ను రెండు వేర్వేరు దేశాల్లోని కలెక్షన్లకు పంపండి, చాలా పత్రికలు అడుగుతాయి కూడా. రసీదులు వచ్చాక ఒక కలెక్షన్ నుంచి మీ స్ట్రెయిన్‌నే తిరిగి తెప్పించుకుని డీ1/డీ2 మళ్లీ చదివించండి. ప్రయాణంలో గొట్టాల చీటీలు తారుమారవడం, కల్చర్‌లో ఇంకో ఈస్ట్ చొరబడటం జరుగుతుంటాయి. తిరిగొచ్చిన సీక్వెన్స్ జెన్‌బ్యాంక్ డేటాబేస్‌లో మీరు పెట్టినదానితో ఒక్క బేసు కూడా తేడా లేకుండా కలిసిన తర్వాతే వ్యాసాన్ని పత్రికకు పంపండి.